కర్ర నీడతో మొదలయ్యే సైన్స్: అండమాన్ బడుల్లో తొలి పాఠం

శ్రీ విజయపురం: మధ్యాహ్నం 12 గంటలకు నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని బడిపిల్లలకు చెప్పడం పరిపాటి. అండమాన్‌లోని ఏ పాఠశాల ఆవరణలోనైనా కర్ర పాతి చూస్తే ఆ మాట నిలవదు. పోర్ట్ బ్లెయిర్‌గా సుపరిచితమైన శ్రీ విజయపురంలో నీడ 11 గంటల 20 నిమిషాల ప్రాంతంలోనే కురచవుతుంది. రోజును బట్టి పావుగంట అటూ ఇటూ కావచ్చు గానీ 12 దాకా ఆగదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఈ నగరం దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు 40 నిమిషాలు ముందుంటాడు. ఏప్రిల్ 20, ఆగస్టు 22 ప్రాంతాల్లోనైతే ఆ వేళకు నీడ కర్ర మొదట్లోకే ఒదిగిపోతుంది.

రేఖాంశాల సంగతి ఆరేడేళ్ల పిల్లలకు అక్కర్లేదు. కొంతసేపటికోసారి నీడ కొన వద్ద సుద్దతో గీత గీసి, ఏది పొట్టిదో తామే తేల్చుకుంటే చాలు. అసలు పరీక్ష ఉపాధ్యాయులదే. ‘12 అనే రాసుకోండి’ అన్నారంటే, కళ్లతో చూసినదాన్ని నమ్మకూడదన్నదే ఆ రోజు పాఠమవుతుంది.

1, 2 తరగతులకు ఎన్‌సీఈఆర్‌టీ ప్రత్యేక సైన్స్ పుస్తకం లేదు. పరిసరాల అధ్యయనం 3వ తరగతిలో మొదలవుతుంది. 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా గుర్తించిన 2020 జాతీయ విద్యా విధానం ఆటకు, అన్వేషణకు, మాతృభాషకు పెద్దపీట వేసింది. దీవుల్లో ఈ చివరి అంశం చిన్నదేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు. మత్స్యకార కుటుంబాల పిల్లలు ‘పోటు, పాటు’ అనే మాటలను ఇంట్లోనే వింటూ పెరుగుతారు. రోజూ ఒకే వేళకు జెట్టీ స్తంభంపై నీటిమట్టం ఎక్కడుందో చూసి బొమ్మ గీస్తే, పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతోందన్న సంగతి మెల్లగా బయటపడుతుంది. నీటి దగ్గరికి పెద్దలు వెంట ఉండాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

మామూలు సముద్రం ఎలా ఉంటుందో తెలిసినవారికే తేడా కనిపిస్తుంది. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో పదేళ్ల బ్రిటిష్ బాలిక టిల్లీ స్మిత్ నురగలు కక్కుతున్న నీటిని చూసి, రెండు వారాల ముందు బడిలో విన్న సునామీ పాఠాన్ని గుర్తుతెచ్చుకుంది. ఆమె చెప్పిన మాటతోనే ఆ తీరం ఖాళీ అయింది.

అయితే సునామీకి ముందు సముద్రం ప్రతిసారీ వెనక్కి తగ్గదు. హైదరాబాద్‌లోని హెచ్చరికల కేంద్రం 2007 నుంచి పనిచేస్తున్నా, భూకంప కేంద్రానికి దగ్గరగా ఉన్న దీవులకు అల నిమిషాల్లోనే చేరవచ్చు. అందుకే ఇక్కడి చిన్నారులకు ముందుగా నేర్పాల్సిన గుర్తు నేల కంపించడం. నిలబడలేనంతగా, చాలాసేపు కదిలితే సైరన్ కోసం ఎదురుచూడకుండా, కదలిక ఆగిన వెంటనే మెట్టకు చేరుకోవాలి.