తాళం లేని సాంకేతికత: కేరళ బడులు నేర్పే పాఠం

కంప్యూటర్ కొనడం ఒక ఎత్తు, దానిలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము చెల్లించడం మరో ఎత్తు. ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను ప్రవేశపెట్టిన రాష్ట్రాలన్నింటికీ ఎదురైన సమస్య ఇది. దీనికి కేరళ కనుగొన్న పరిష్కారం రెండు దశాబ్దాలుగా దేశ విద్యారంగం దృష్టిని ఆకర్షిస్తున్నది.

కేరళ ప్రభుత్వం 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' పథకాన్ని ప్రారంభించింది. తొలి రోజుల్లో అక్కడ కూడా ప్రైవేటు సంస్థల సాఫ్ట్‌వేర్‌నే బోధించారు. ఒక కంపెనీ సరుకుకు ప్రభుత్వ పాఠ్యపుస్తకం ప్రచారసాధనం కావడమేమిటని ఉపాధ్యాయ సంఘాల నుంచే విమర్శలు వెలువడ్డాయి. క్రమంగా ప్రభుత్వం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గింది. జీఎన్‌యూ-లినక్స్ ఆధారంగా బడులకు ప్రత్యేక ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించి, ఆ దశాబ్దం ముగియకముందే పదో తరగతి ఐటీ పరీక్షను సైతం దానిపైనే నిర్వహించింది. ఈ పథకమే 2017లో 'కైట్' పేరిట ప్రభుత్వ సంస్థగా రూపాంతరం చెందింది.

పూల పేర్లు మలయాళంలో

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే కేవలం ఉచితంగా లభించేదని పలువురు భావిస్తారు. అసలు విశేషం వేరు. దాని మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎవరైనా పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఎర్నాకుళం జిల్లా ఇరింపనంలోని వృత్తివిద్యా ఉన్నత పాఠశాల ఇందుకు చక్కని ఉదాహరణ. బొమ్మలు గీసే 'టక్స్ పెయింట్'లో తమ ఊరి పూలు లేవని గ్రహించిన ఆ బడి పిల్లలు, వాటి చిత్రాలను సిద్ధం చేసి మలయాళ నామాలతో సహా అందులో చేర్చారు. తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌తో ఈ పని సాధ్యమయ్యేది కాదు. మాతృభాషలో బోధన జరగాలని కోరేవారందరూ ఆలోచించవలసిన విషయమిది.

దూరాన ఉన్న బడులను కలిపే ప్రయత్నమూ ఇదే బాటలో సాగింది. వికీపీడియాకు ఆధారమైన సాఫ్ట్‌వేర్‌తోనే 'స్కూల్ వికీ'ని నెలకొల్పారు. అందులో ప్రతి పాఠశాలా తన చరిత్రను తానే రాసుకుంటుంది. 2020 లాక్‌డౌన్ కాలంలో పిల్లలు ఇళ్ల నుంచి పంపిన కథలు, కవితలు, వ్యాసాలు వేల సంఖ్యలో అందులో చోటుచేసుకున్నాయి.

శ్రీహరికోట నుంచి మొదలు

దూరవిద్యకు బాట వేసింది మాత్రం మన నేలే. కేవలం విద్య కోసం ఉద్దేశించిన తొలి భారతీయ ఉపగ్రహం 'ఎడ్యుశాట్' 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచే నింగికెగిసింది. దాని ఆధారంగా కేరళ నెలకొల్పిన 'విక్టర్స్' వ్యవస్థను 2005లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు, 2020 జూన్ 1 నుంచి 'ఫస్ట్ బెల్' పాఠాలను ఇంటింటికీ చేర్చింది ఈ చానలే.

అయితే సాంకేతికత ఒక్కటే సమానత్వాన్ని తేలేదని ఆ అనుభవమే తేటతెల్లం చేసింది. ఇంట్లో టీవీ గాని, స్మార్ట్‌ఫోన్ గాని లేని విద్యార్థులు సుమారు 2.6 లక్షల మంది ఉన్నట్లు సర్వేలో తేలింది. వారి కోసం గ్రంథాలయాలు, అంగన్‌వాడీల వంటి చోట్ల టీవీలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. 2021లో గురుశిష్యులు ముఖాముఖి మాట్లాడుకునే ఆన్‌లైన్ తరగతుల కోసం కేరళ సైతం గూగుల్ వేదికను ఆశ్రయించింది. స్వావలంబన ఒక్కనాటితో పూర్తయ్యేది కాదనడానికి ఇది నిదర్శనం.

కంపెనీ కుంగితే పాఠం ఏమవుతుంది?

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని, ఆ సంస్థ పాఠాలతో కూడిన ట్యాబ్‌లను లక్షలాది ఎనిమిదో తరగతి విద్యార్థులకు పంపిణీ చేసింది. రెండేళ్లు తిరగకముందే, 2024 జూలైలో, ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠం ఒక కంపెనీ సొత్తయినప్పుడు దాని భవిష్యత్తు ఆ కంపెనీ జాతకంతో ముడిపడుతుంది. అందరి సొత్తయిన పాఠానికి ఈ బెడద లేదు.

కేంద్రం 2017లో ప్రారంభించిన 'దీక్ష' వేదిక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 'సన్‌బర్డ్'పైనే నడుస్తున్నది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు విద్యార్థిని అక్కడికే చేరుస్తాయి. అంటే పునాది సిద్ధంగానే ఉన్నది. దానిపై నాణ్యమైన తెలుగు పాఠాలను నిర్మించి, తప్పులు దిద్ది, ఏటేటా మెరుగుపరచే పని ఉపాధ్యాయులది. వారికి శిక్షణ, తీరిక, గుర్తింపు కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వాలది. కేరళ తన ఉపాధ్యాయుల్లోంచే శిక్షకులను తయారు చేసుకున్నందువల్లనే ఈ పథకం ప్రభుత్వాలు మారినా నిలిచింది. యంత్రాల పంపిణీకి చూపే ఉత్సాహంలో కొంతైనా మనుషుల తయారీకి చూపితే తెలుగు రాష్ట్రాలకూ ఇది అసాధ్యం కాబోదు.