పూర్వ ప్రాథమిక విద్యలో కుటుంబమే తొలి భాగస్వామి
మెట్ట మండలాల్లో అంగన్‌వాడీ కార్యకర్తల పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని కలిగిరి మండలం మెట్ట ప్రాంతం. వర్షాలు, చెరువులపై ఆధారపడిన సేద్యంతోపాటు పొగాకు సాగు ఇక్కడ అనేక కుటుంబాలకు జీవనాధారం. పొగాకు బోర్డు వేలం కేంద్రం కూడా కలిగిరిలో ఉన్నది. ఆకు కోయడం, కర్రలకు కట్టడం, గ్రేడింగ్ వంటి పనులు ముమ్మరంగా సాగే నెలల్లో కూలికి వెళ్లే తల్లులకు పగటివేళ తీరిక ఉండదు. అటువంటి ఇళ్లలో పిల్లలను అంగన్‌వాడీ కేంద్రానికి తీసుకువచ్చేది నాయనమ్మో, అమ్మమ్మో, తాతయ్యో అవుతారు. కావున పగటిపూట ఏర్పాటుచేసిన తల్లుల సమావేశానికి హాజరు తగ్గినంత మాత్రాన కుటుంబాలకు ఆసక్తి లేదని భావించడం సరికాదు.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. ఈ పథకం కింద అందించే ఆరు సేవలలో 3 నుండి 6 సంవత్సరాల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని జాతీయ విద్యా విధానం-2020 పేర్కొన్నది. అయితే కేంద్రంలో బిడ్డ గడిపేది రోజులో కొన్ని గంటలే. మిగిలిన సమయమంతా ఇంటివద్దనే గనుక, కేంద్రంలో నేర్చినది ఇంట్లో కొనసాగినప్పుడే స్థిరపడుతుంది.

జమైకా దేశపు కింగ్‌స్టన్ నగరంలో 1986-87లో ప్రారంభమైన ఒక అధ్యయనం ఇందుకు నిదర్శనం. ఎదుగుదల లోపించిన పసిపిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చేసి చూపారు. ఇంట్లో దొరికే వస్తువులతోనే ఆటబొమ్మలు తయారుచేశారు. ఇరవై ఏళ్ల తరువాత, ఈ సహాయం అందని తోటివారికంటే వారి సంపాదన 25 శాతం అధికంగా ఉన్నట్లు 2014లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి.

కార్యకర్తలు చేపట్టదగిన చర్యలు

* కుటుంబాలతో సమావేశాలను, గృహ సందర్శనలను పనుల కాలాన్ని బట్టి, వారికి వీలైన వేళల్లో నిర్ణయించుకోవాలి.
* హాజరు తగ్గిందన్న ఫిర్యాదుతో కాకుండా, బిడ్డ కొత్తగా నేర్చిన ఒక మాటతోనో, ఆటతోనో సంభాషణ ప్రారంభించాలి. దీనివలన తల్లిదండ్రులలో నమ్మకం ఏర్పడుతుంది.
* పెద్దలకు తెలిసిన కథలు, పొడుపు కథలు, వామనగుంటల వంటి ఆటలను బోధనలో వినియోగించాలి. చింతగింజలు లెక్కించడం గణితానికి తొలిమెట్టు. అక్షరాలు రాని నాయనమ్మ కూడా ఈ విధంగా గురువు కాగలదు. అయితే మూడేళ్లలోపు పిల్లలకు గింజలు, గులకరాళ్లు ఇవ్వరాదని, పెద్దపిల్లలు ఆడేటప్పుడు కూడా పక్కన ఒకరు ఉండాలని వివరించాలి.
* తండ్రులను, తాతలను కూడా ఆహ్వానించి, బిడ్డ గీసిన బొమ్మలను, చేసిన పనులను చూపాలి.

జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం 2013లో వెలువడినది. 2018లో ఆరంభమైన పోషణ్ అభియాన్ కింద అన్నప్రాశన వంటి సామాజిక కార్యక్రమాలు కేంద్రాలలో నిర్వహించబడుతున్నవి. 3 నుండి 6 ఏళ్ల పిల్లల కొరకు 2024లో ‘ఆధారశిల’ పాఠ్య ప్రణాళిక విడుదలైనది. కుటుంబాలు కేంద్రానికి వచ్చే ఇటువంటి సందర్భాలను పిల్లల చదువు గురించి ముచ్చటించే వేదికలుగా కూడా మలచుకోవచ్చును.

తూకాలు, పోషకాహార పంపిణీ, రికార్డుల నిర్వహణ వంటి బాధ్యతలు కార్యకర్తలపై ఇప్పటికే ఉన్నవి. గృహ సందర్శన మరొక రిజిస్టరు గడిగా మారితే ప్రయోజనం నెరవేరదు. పర్యవేక్షణ అధికారులు సందర్శనల సంఖ్యతోపాటు, ఇంట్లో బిడ్డతో ఎవరు మాట్లాడుతున్నారు, ఏమి ఆడుతున్నారు అన్నది కూడా విచారించి, సమావేశ వేళలను మార్చుకొనే వెసులుబాటు కార్యకర్తలకు కల్పించవలసి ఉన్నది. పనివేళలు కుటుంబం చేతిలో లేనప్పుడు, కేంద్రమే ఆ కుటుంబం వద్దకు ఒక అడుగు ముందుకు వేయడం అవసరం.