పోలిషు దీర్ఘపదముల యక్షరవిభాగము

పోలండువారి భాషయగు పోలిషు స్లావు భాషలలో నొకటి. లాటిను లిపిలోనున్న దాని దీర్ఘపదములను జూచి, ఇవి నోరు తిరుగనివని చదువరులు వెఱచెదరు. వానిని ఇంగ్లీషు మూలమున గ్రహించుటయే యీ చిక్కునకు ముఖ్యకారణము. తెనుఁగు వర్ణవిభాగ మెఱిఁగినవారికి మార్గము సుగమము.

లిపిచిహ్నములను గాక అచ్చులను లెక్కింపవలెను. పలుకునప్పుడు ఎన్ని యచ్చులు వినఁబడునో పదమున నన్ని యక్షరములు. ఇందు రెండు జాగ్రత్తలు వలయును. ఎస్-జెడ్ జంట షకారమునకును, ఆర్-జెడ్ జంట ఆ షకారమునకు నాదము చేర్చిన ధ్వనికిని, సి-జెడ్ జంట యొక చకారభేదమునకును గుర్తులు. ఈ జంటలను విడఁదీయరాదు. హల్లునకును వేఱొక యచ్చునకును నడుమ వచ్చు ‘ఐ’ చిహ్నము సామాన్యముగా ఆ హల్లును మృదువు చేయునేగాని ప్రత్యేకాక్షరము గాదు.

ఇంగ్లీషున లేని శ-ష భేదము పోలిషున స్పష్టము. ఒంటి ‘సి’ సామాన్యముగా మన ‘చుక్క’లోని దంత్యచకారము. అంతకంటె విశేషము అనునాసికముల తీరు. తోఁకగల ‘ఏ’ చిహ్నము అనునాసికమగు ఒకారము. తోఁకగల ‘ఈ’ చిహ్నము అనునాసికమగు ఎకారము. ఊష్మములకు ముందు నివి యరసున్నతో పలుకును: మీసము ‘వొఁస్’. స్పర్శములకు ముందు నిండుసున్నయై ఆ వర్గపు అనునాసికమును పొందును: చేయి ‘రెంక’, ఓకుచెట్లు ‘దెంబి’. కావున 1983లో నోబెలు శాంతిబహుమానము నందిన లెహ్ వవెఁస పేరును ‘వలేసా’ యనుట మూలమునకు దూరము. అందు అడ్డగీఁత గల ‘ఎల్’ పెదవులు గుండ్రముచేసి పలుకు వకారము, ఎకారము అరసున్నతోడిది.

సంయుక్తహల్లులను పంక్తి చివర విఱుచుటలో కొంత స్వేచ్ఛ కలదు. సంస్కృత స్వసృశబ్దమునకు జ్ఞాతియగు ‘శొస్త్ర’ (సోదరి) అను పదమును శొ-స్త్ర, శొస్-త్ర, శొస్త్-ర యని మూఁడువిధముల విఱువవచ్చును. ఎట్లు విఱిచినను అక్షరములు రెండే.

ఇఁక ఊనిక. అది సామాన్యముగా ఉపాంత్యాక్షరముపై నుండును. ‘మ-తె-మ-తి-క’ (గణితము) వంటి కొన్ని పరభాషాపదములలో మాత్రము శిష్టోచ్చారణమున తుదినుండి మూఁడవదానిపై నిలుచును.

కాన్‌స్టాంటినోపులువాసి కూఁతురగు చిన్నదాని కొక పదము కలదు. అందు లిపిచిహ్నములు 32. అక్షరములు 12 మాత్రమే: కొన్-స్తన్-తి-నొ-పొ-లి-తఞ్-చి-కొ-వ్య-నెచ్-క. దీనిని తుదినుండి నేర్పుట మేలు: ముందు ‘నెచ్-క’, పిదప ‘వ్య-నెచ్-క’, ఆపై ‘కొ-వ్య-నెచ్-క’. ఇట్లు పెంచుకొనుచు పోయినచో ఊనిక మొదటినుండియు ‘నెచ్’పై నిలిచి, పదమెంత పెరిగినను చెదరదు.

అచ్చుల గణనము, శషల భేదము, అరసున్న నిండుసున్నల వివేకము మన పాఠశాలలలో నేర్పునవియే. వానితో ఈ పేళ్లను మూలోచ్చారణమునకు దగ్గఱగా తెనుఁగున వ్రాయవచ్చును. ఇంగ్లీషును నడుమ నిలుపనక్కఱలేదు.