అంబాసిడర్ గొంతులో నలక
కార్బొరేటరు శుభ్రం చేస్తే పాత కారుకు మళ్ళీ ఊపిరి

(మా గ్రామీణ విలేఖరి)

ముహూర్తానికి ఇంకా గంటన్నర వ్యవధి ఉంది. పెళ్ళికొడుకును తీసుకెళుతున్న తెల్ల అంబాసిడర్ తాడేపల్లిగూడెం రోడ్డున కాలవ గట్టు మీద రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. చివరికి పెళ్ళికొడుకును వెనకాల వచ్చిన ఆటోలో ఎక్కించి పంపారు. కారు యజమాని తీసుకున్న బయానా తిరిగి ఇచ్చుకున్నాడు. ‘ఈ డొక్కు ఇంకా ఎందుకయ్యా, తూకానికి అమ్మెయ్యరాదూ!’ అని నలుగురూ సలహా చెప్పారు. అది ఆయన తండ్రి కొన్న బండి. పెళ్ళిళ్ళ రోజుల్లో వచ్చే కిరాయే ఆ ఇంటికి ఆధారం.

మర్నాడు ఊళ్ళో పాత మెకానిక్కు వచ్చి బోనెట్టు ఎత్తారు. అందరూ ఆయనను మేస్త్రి గారంటారు. ‘పెట్రోలు వాసన ఎన్నాళ్ళ నుంచి వస్తోంది బాబూ?’ అని అడిగారు. ‘పది రోజులైంది మేస్త్రి గారూ. పాత బండి కదా, మామూలే అనుకున్నాను’ అన్నాడు యజమాని. ‘ఇంజనుకు ఏ రోగమూ లేదు. గొంతులో నలక పడింది, అంతే’ అని మేస్త్రి తేల్చారు. ఆ పూట ఆయన చేసిన పని అలాంటి బండ్లు ఉన్నవారందరికీ పనికొచ్చేదే.

అసలు పని ఏమిటి?

బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1958 నుంచి 2014 వరకు అంబాసిడర్లు తయారు చేశారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే దీనికి మాతృక. పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి ఎస్.యు. రకం కార్బొరేటరు ఉంటుంది. పెట్రోలును గాలిలో కలిపి ఇంజనుకు అందించడం దీని పని. తూకంలో ఒక వంతు పెట్రోలుకు సుమారు 15 వంతుల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే నల్ల పొగ, తక్కువైతే దగ్గు.

దీని పక్కనే చిన్న పెట్రోలు గిన్నె ఉంటుంది. అందులో తేలే బుడ్డి పైకి లేచినప్పుడు ఒక సూది వాల్వు దారి మూసేస్తుంది. మన ఇంటి నీళ్ళ ట్యాంకులో బంతి కుళాయి వంటిదే ఇదీను.

ముందు జాగ్రత్త

బండిని గాలి ఆడే చోట నిలపాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ తీగ ఊడదీయాలి. బీడీ, అగ్గిపెట్టె ఆ దరిదాపుల్లో ఉండరాదు. పైనున్న దుమ్ము తుడిచిన తరువాతే మరలు విప్పాలి. లేకపోతే ఆ దుమ్మే లోపల పడుతుంది. విప్పిన ప్రతి మరనూ వరుసగా ఒక పళ్ళెంలో పెట్టుకోవాలి.

గిన్నె మూత తీసి చూస్తే అడుగున చెంచాడు ఎర్రటి తుప్పు మడ్డి ఉంది. అదంతా ట్యాంకులోంచి వచ్చినదే. అందులో ఒక రేణువు సూది వాల్వు కింద ఇరుక్కుంది. దారి మూసుకోక పెట్రోలు పొర్లి, ఇంజను మునిగిపోయింది. మేస్త్రి కార్బొరేటరు కిందికి వేలు చూపించారు. ఈ ఇంజనులో పొగగొట్టం సరిగ్గా ఆ కిందనే ఉంటుంది. ‘కారిన పెట్రోలు కాలే గొట్టం మీద పడితే ఏమవుతుంది? కిరాయి పోయిందని ఏడవకు బాబూ. పెళ్ళికొడుకు కారులో ఉండగా మంట లేవలేదు, అందుకు సంతోషించు’ అన్నారు. యజమాని మారు మాట్లాడలేదు.

తీగతో పొడవరాదు

గిన్నెను పెట్రోలుతో కడిగి, సన్నని దారులను గాలి పంపుతో ఊదాలి. ఇనప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కార్బొరేటరు పాడవుతుంది. తేలే బుడ్డిని చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల పెట్రోలు చప్పుడైతే చిల్లు పడినట్లే. సూది మొన మీద గాడి పడి ఉంటే ఆకురాయి పట్టకుండా కొత్తది వేయాలి.

తరువాత పైనున్న గంట వంటి మూతకు గుర్తు గీసి, నిలువుగా పైకి లాగాలి. లోపలి పిస్టనుకు వేలాడే సన్నని సూది వంగితే మళ్ళీ పనికిరాదు. పిస్టనును మెత్తని గుడ్డతో తుడవాలి గాని గరుకు కాగితం తగలనివ్వరాదు. గుర్తు ప్రకారం బిగించి, మధ్యనున్న గొట్టంలో పలుచని ఇంజను నూనె పోయాలి. పిస్టనును ఎత్తి వదిలితే దిగి ‘టక్’మనాలి. చప్పుడు రాలేదంటే ఎక్కడో పట్టేస్తున్నదన్న మాట.

చివరిది కలగలుపు. అడుగునున్న నట్టును పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. ఇంజను వేడెక్కాక పిస్టనును నూలువాసి ఎత్తి వినాలి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. కొంచెం పెరిగి సర్దుకుంటే సరిపోయినట్లు. నట్టును ఒక్కసారికి ఒక్క పలక మాత్రమే తిప్పాలి.

కొత్త పెట్రోలుతో చిక్కు

20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2023లో మొదలై 2025 నాటికి దేశమంతటా వచ్చింది. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు దీనికి తట్టుకోక ఉబ్బడం, పగలడం జరుగుతుంది. బండి నెలల తరబడి నిలిచి ఉంటే ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానితో ట్యాంకు తుప్పు పడుతుంది. కనుక రబ్బరు గొట్టాలను ఈ పెట్రోలుకు తగినవి చూసి మార్చుకోవాలి. ట్యాంకు కడిగించి, దారిలో ఫిల్టరు పెట్టించాలి. బండిని అప్పుడప్పుడు నడుపుతూ ఉండాలి.

మేస్త్రి గారు ట్యాంకు కడిగి, కొత్త సూది వాల్వు, గొట్టాలు వేసి, ఎక్కడా చుక్క కారడం లేదని వేలితో తడిమి చూసిన తరువాతే బోనెట్టు దించారు. అంబాసిడర్ మొదటి తిప్పుకే అందుకుంది. అప్పుడాయన యజమానితో ఒకే మాట అన్నారు: ‘మళ్ళీ వాసన వస్తే ఆ రోజే రా బాబూ, పది రోజులు ఆగకు.’