రొంటిన ఇమడని తాళం చెవి

కారుకు తెలివి పెరిగింది... చెవి లావెక్కింది!

ఇంటి తాళం చెవి మొలతాడుకు, బీరువా తాళం చెవి ఇల్లాలి కొంగుకు. పల్లెల్లో తరతరాలుగా వస్తున్న పద్ధతి ఇది. కారు కొన్న రైతు కూడా నిన్నమొన్నటి దాకా ఆ చిన్న ఇనుప ముక్కను పంచె రొంటిన దోపుకుని పొలం వెళ్లి వచ్చేవాడు. ఇప్పుడు ఆ వీలు లేదు. కొత్త కారుతో పాటు షోరూము వారు చేతిలో పెడుతున్నది అగ్గిపెట్టెను మించిన నల్లటి డబ్బీ. రొంటిన పెడితే జారిపోతుంది. చొక్కా పైజేబులో వేసుకుంటే కాలువ దగ్గర వంగినప్పుడు నీళ్లలో పడుతుంది. ప్యాంటు జేబులో పెట్టుకుంటే కూర్చున్నప్పుడు తొడకు ఒత్తుకుంటుంది. గీతలు పడకుండా దానికి రబ్బరు తొడుగు వేస్తే మరింత లావు!

శ్రీసత్యసాయి జిల్లా వాసులకు ఈ సంగతి కొత్త కాదు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అక్కడి నుంచి వచ్చే వాటిలో ఖరీదైన రకాలకు చెవి తిప్పే పనే లేదు. అది జేబులో ఉంటే చాలు. తలుపు పిడి మీది మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. లోపల మరో మీట నొక్కితే ఇంజను అందుకుంటుంది. తిప్పే పనే లేని చెవి ఇంత పెద్దది ఎందుకైంది?

హ్యాండిలు నుంచి మీట దాకా

తొలినాటి కార్లకు ముందు వైపున హ్యాండిలు పెట్టి తిప్పాల్సి వచ్చేది. అది వెనక్కి తన్ని చేతులు విరగ్గొట్టుకున్న వారూ ఉన్నారు. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కార్లకు కరెంటుతో పనిచేసే స్టార్టరు అమర్చాక ఆ బాధ తగ్గుతూ వచ్చింది. చెవి తిప్పితేనే ఇంజను స్టార్టయ్యే పద్ధతిని 1949లో అక్కడి క్రైస్లర్ కంపెనీ తెచ్చింది.

మన దేశంలో 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళం చెవిని ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా కొనుగోలుదారుకు అందించారు. అది పలుచటి మామూలు చెవే. అలాంటిది పోతే పట్నంలో తాళాలు బాగుచేసే వాని దగ్గర కూర్చుని మరొకటి కోయించుకునే వారు. అర గంటలో పని అయిపోయేది.

దూరం నుంచే తలుపు తెరిచే చెవి 1982లో ఫ్రాన్సులో రెనో ఫ్యూగో కారుతో వచ్చింది. టీవీ రిమోటు మాదిరే అది కంటికి కనిపించని కాంతితో పనిచేసేది. తర్వాత రేడియో తరంగాలు వాడడం మొదలైంది. ఈలోగా ఐరోపాలో కార్ల దొంగతనాలు పెరిగాయి. దాంతో చెవి తలకాయలో చిన్న చిప్పు పెట్టారు. ఆ చిప్పులోని గుర్తును కారు పోల్చుకుంటే తప్ప ఇంజను కదలదు. 1998 నుంచి ఐరోపా దేశాల్లో కొత్త కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. చెవిని జేబులోంచి తీయనక్కర లేని పద్ధతి కూడా ఆ రోజుల్లోనే మెర్సిడెస్ బెంజ్ పెద్ద కార్లతో మొదలైంది.

పొట్టలో ఏముంది?

డబ్బీ విప్పి చూస్తే లావు సంగతి బోధపడుతుంది. మొదటిది సెల్లు. చాలా కార్ల చెవుల్లో ఉండేది సి.ఆర్. 2032 రకం. ఆ అంకెలోనే దాని కొలత ఉంది. 20 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. సెల్లు కంటే చెవి పలుచగా ఉండే అవకాశం లేదు. దాని కింద సర్క్యూటు బోర్డు, పైన మీటలు, చుట్టూ గట్టి ప్లాస్టిక్ పెంకు.

రెండవది తీగచుట్టలు. కారు దగ్గరికి వెళ్లినప్పుడు అది తక్కువ దూరం పోయే తరంగాన్ని వదిలి 'నువ్వేనా?' అని అడుగుతుంది. చెవి మరో తరంగంతో 'నేనే' అని బదులిస్తుంది. జేబులో చెవి నిలువుగా ఉందో, అడ్డంగా ఉందో, తలకిందులుగా ఉందో కారుకు తెలియదు. అందుకే ఎటు తిరిగి ఉన్నా పిలుపు అందేలా మూడు దిక్కులకు మూడు చుట్టలు పెడతారు.

మూడవది అసలు చెవి. సెల్లు అయిపోతే తలుపు తీసేందుకు ఇనుప చెవిని కూడా ఆ డబ్బీలోనే దాస్తారు. అంటే పాత చెవి ఎక్కడికీ పోలేదు. కొత్త దాని కడుపులో దాక్కుంది.

అయితే లావంతా అవసరం కోసమే అనుకుంటే పొరపాటు. 2001 ప్రాంతంలోనే రెనో కంపెనీ లగునా కారుకు కార్డు రూపంలో చెవి ఇచ్చింది. 2017లో వచ్చిన టెస్లా మోడల్ 3 కారుకు ఏ.టి.ఎం. కార్డంత పలుచటి చెవి ఉంది. దాన్ని కారుకు తాకించాలి. మరోవైపు 2015లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ తన పెద్ద కారుకు బొమ్మల తెర ఉన్న చెవిని తెచ్చి, దాన్ని చిన్న సెల్‌ఫోనంత చేసింది. చేతిలో బరువుగా ఉంటేనే ఖరీదుగా కనిపిస్తుందన్న ఆలోచన కూడా ఇందులో ఉంది.

బరువు తెచ్చిన ముప్పు

చెవి బరువు ప్రాణాల మీదికి తెచ్చిన ఉదంతం అమెరికాలో జరిగింది. జనరల్ మోటార్స్ వారి షెవర్లే కోబాల్ట్ తదితర కార్లలో చెవి తిప్పే స్విచ్చి బలహీనంగా ఉండేది. బరువైన గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా నడుస్తున్న కారులో చెవి వెనక్కి జారేది. ఇంజను ఆగిపోయేది, స్టీరింగు బిగిసేది, గుద్దుకున్నప్పుడు గాలి సంచులు తెరుచుకునేవి కావు. 2014లో దాదాపు 26 లక్షల కార్లను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. ఈ లోపం వల్ల 124 మంది మరణించినట్లు పరిహార నిధి ఒప్పుకుంది. మరమ్మతు అయ్యే దాకా చెవికి గుత్తి తగిలించవద్దని కంపెనీయే చెప్పింది.

తప్పు స్విచ్చిది. అయినా పాఠం అందరికీ. చెవి తిప్పి నడిపే పాత కార్లు పల్లెల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇంటి తాళాలు, మోటారు షెడ్డు తాళం, దేవుడి బిళ్ల అన్నీ కలిపి కారు చెవికే వేలాడదీయడం మంచిది కాదు.

పోతే బోలెడు ఖర్చు

చెవి ఒళ్లు పెరిగినట్టే పోయినప్పుడు ఖర్చూ పెరిగింది. రేకు చెవి మాదిరి దీన్ని కోస్తే సరిపోదు. కారు కొత్త చెవిని గుర్తుపట్టేలా యంత్రం పెట్టి నేర్పించాలి. రెండు చెవులూ పోతే కారును లాగించుకుని పట్నం పోవాల్సి రావచ్చు. ఖర్చు వేలల్లో ఉంటుంది.

కారు దొంగతనమై బీమా అడిగితే కంపెనీ వారు సాధారణంగా రెండు అసలు చెవులూ చూపమంటారు. ఒకటి లేకుంటే సొమ్ముకు చిక్కులు వస్తాయి. కనుక చెవి పోయిన వెంటనే పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి రశీదు దాచుకోవాలి. పాత కారు కొనేవారు రెండు చెవులూ అడిగి తీసుకోవాలి. మూడో చెవి ఎవరి దగ్గరైనా ఉందన్న అనుమానం ఉంటే, పాత గుర్తులన్నీ చెరిపించి ఉన్న చెవులనే మళ్లీ నమోదు చేయించుకోవచ్చు. చెవి పోతే ఖర్చు ఇచ్చే అదనపు బీమా కూడా ఉంది.

దొంగలూ కొత్త దారి కనిపెట్టారు. ఒకడు ఇంటి తలుపు దగ్గర, మరొకడు కారు దగ్గర పరికరాలతో నిలబడి, లోపలున్న చెవి తరంగాన్ని కారు దాకా చేరవేస్తారు. చెవి పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది. స్విట్జర్లాండు పరిశోధకులు 2011లోనే పది రకాల కార్లపై దీన్ని చేసి చూపారు. రాత్రిళ్లు చెవిని గట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలో పెడితే తరంగాలు చాలా వరకు ఆగుతాయి. డబ్బాను కారు దగ్గరికి తీసుకెళ్లి, తలుపు తెరుచుకోకుంటేనే దాన్ని నమ్మాలి.

పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం చెవిలోని సెల్లుతోనే. పసిపిల్లలు దాన్ని మింగితే గొంతులో ఇరుక్కుంటుంది. రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. మింగినట్టు అనుమానం వచ్చినా నాటు వైద్యం చేయకుండా, వాంతి చేయించకుండా, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూత వదులైన చెవిని ఆడుకోవడానికి ఇవ్వకూడదు. తీసేసిన సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందకుండా పారవేయాలి.

సెల్లు బలం తగ్గితే కంగారు పడనక్కర లేదు. డబ్బీలోంచి ఇనుప చెవి తీసి తలుపు తెరవాలి. తర్వాత చాలా కార్లలో డబ్బీని స్టార్టు మీటకు ఆనించి నొక్కితే ఇంజను అందుకుంటుంది. లోపలి చిప్పుకు సెల్లుతో పని లేదు. కొన్ని కార్లలో ఆనించే చోటు వేరుగా ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. డబ్బీ నీళ్లలో పడితే ముందు సెల్లు తీసి, నీడన పూర్తిగా ఆరబెట్టిన తర్వాతే మళ్లీ వేయాలి.

ఇక రొంటిన ఇమడని దాన్ని దాచే మార్గం పెద్దలకు తెలిసిందే. గట్టి తాడు కట్టి మొలతాడుకు తగిలించి, డబ్బీని బనియను జేబులో వేసుకోవడమే. రెండో చెవిని మాత్రం కారులో కాకుండా ఇంట్లో బీరువాలో ఉంచాలి.