పాట పరాయి చేతికి వెళ్ళినప్పుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల శ్రోతలకు భజనలోని హార్మోనియం చిరపరిచితమే గదా! దాని ఒక మెట్టుకు, పక్క మెట్టుకు నడుమ స్వరం లేదు. గాయకుని కంఠం మాత్రం ఆ సందులోనే హాయిగా సంచరించును. ఈ తగవు ఎరిగినవారికి మేము నేడు చెప్పబోవు రెండు ముచ్చట్లు సులభంగా బోధపడును.

మొదటిది మన ముంగిటిదే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా విచ్చేసినారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ డబ్లిన్‌లో సంగీతం అభ్యసించిన విదుషి. ఒక సభలో విద్యార్థుల ఎదుట కవి తమ "జనగణమన" పాడినారు. ఆ గీతాన్ని కలకత్తా కాంగ్రెసులో తొలిసారి పాడినది 1911 డిసెంబరు 27న. జయఘోష వచ్చేసరికి విన్నవారు తామూ గొంతు కలిపినారు. ఆ గీతానికి ఫిబ్రవరి 28న కవి ఇక్కడనే ఆంగ్లానువాదం వ్రాసినారు. మార్గరెట్ దాని బాణీని స్వరలిపిలో నిలిపి, కవి సమ్మతి పొందినారు. 1950 జనవరి 24న అది జాతీయగీతమైనది.

వంగదేశపు బాణీ ఐర్లండు విదుషికి ఎట్లు పట్టుబడినది? కారణం బాణీలోనే ఉన్నది. దానిలో కనిపించునది బిలావల్ ఛాయ. మన లెక్కలో శంకరాభరణం, పాశ్చాత్యులకు మేజర్ స్కేలు. స్వరాలు నిలకడగా నడచును, గమకం స్వల్పం, పదిమంది కలిసి పాడుటకు అనువు. అదే తోడి రాగమైనచో ఆమె కాగితం ఓడిపోయెడిది! వింత ఏమనగా, ఈ ఠాకూరుకే హార్మోనియం గిట్టదు. 1940లో మన రేడియో కూడా ఆ వాద్యాన్ని బహిష్కరించి, సుమారు మూడు దశాబ్దాలు గడప తొక్కనీయలేదు. ఆ శిక్ష మాకు అతిగానే తోచును.

రెండవ ముచ్చటలో బాణీ అంత సాధువు కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతివారి పొలం పాటలనుండి, కూలి కేకలనుండి పుట్టినది 'బ్లూస్'. సాధారణంగా పండ్రెండు తాళఖండాలు, మూడే స్వరసమూహాలు. చూపునకు చిన్న లెక్క. కాని అందలి గాంధార నిషాదాలు పియానో మెట్లకు అందని చోట నిలుచును. గిటారు వాయించువాడు తీగను పక్కకు లాగి వానిని పట్టుకొనవలెను. మన వైణికుడు తీగను లాగి గమకం పలికించుటయు ఇట్టిదే.

ఈ విద్యలో ఘనుడు చెస్టర్ బర్నెట్. మిసిసిపీ రాష్ట్రంలో 1910లో పుట్టినాడు. ఆరడుగులు మించిన దేహం, బొంగురు గొంతు. జనం 'హౌలిన్ వుల్ఫ్' అన్నారు, అనగా ఊళపెట్టు తోడేలు. విల్లీ డిక్సన్ వ్రాసిన 'ఎర్ర కోడిపుంజు' పాటను ఇతడు 1961లో రికార్డు చేసినాడు. 1964లో రోలింగ్ స్టోన్స్ అను ఇంగ్లండు కుర్రవాళ్ళు అదే పాట పాడగా బ్రిటన్‌లో అది ప్రథమస్థానం అందుకొన్నది. పాట వారిని శిఖరానికి చేర్చినది. వుల్ఫ్ పేరు మాత్రం ఆ దేశంలో ఎందరు ఎరుగుదురు? ఆ కుర్రవాళ్ళు కృతఘ్నులు కారు. 1965లో అమెరికా టెలివిజన్ వారు పిలిచినప్పుడు, వుల్ఫ్‌ను కూడా పాడించినారు.

1970 మే నెలలో, ఆరోగ్యం చెడిన వుల్ఫ్ లండన్ ఒలింపిక్ స్టూడియోకు వెళ్ళినాడు. వెంట అతని చిరకాల గిటారు సహచరుడు హ్యూబర్ట్ సమ్లిన్. ఎదుట ఇరవై అయిదేళ్ళ ఎరిక్ క్లాప్టన్. రోలింగ్ స్టోన్స్‌లోని బిల్ వైమన్, చార్లీ వాట్స్. పుంజు పాట వచ్చినది. ఆరేళ్ళ క్రిందట దానితోనే గెలిచినవారు అక్కడ ఉన్నారు గదా, అయినను ఎత్తుగడ కుదరలేదు! మీరే గిటారు పట్టి చూపండి, మీ వెనుక మేము వచ్చెదము అని క్లాప్టన్ కోరినాడు. ముసలివాడు గిటారు అందుకొని, స్వరం ఎక్కడ మారవలెనో లెక్కపెట్టి చూపినాడు. గురువు ఒడిలో తాళం నేర్చిన మన విద్యార్థులకు ఈ దృశ్యం కొత్త కాదు.

1971లో వెలువడిన ఆ రికార్డులో, పాటకు ముందు, తప్పిన ఎత్తుగడను, వుల్ఫ్ చెప్పిన పాఠాన్ని తొలగింపక అట్లే ఉంచినారు. వుల్ఫ్ 1976 జనవరిలో కన్నుమూసినాడు.