చేతికీ ఓ గురువు కావాలి!

మిక్సీ తిరగడం మానేసింది. ఇంట్లో ఇంజినీరింగ్ చదువుతున్న అబ్బాయి ఉన్నాడు. మోటారు ఎలా తిరుగుతుందో పరీక్షలో పది మార్కులకు బొమ్మతో సహా రాయగలడు. మిక్సీ అడుగున మూత విప్పడానికి మాత్రం చేయి రాదు. చివరికి పదో తరగతితో చదువాపేసిన మెకానిక్ వచ్చి, అరిగిపోయిన కార్బన్ బ్రష్ మార్చేసి పది నిమిషాల్లో వెళ్లిపోతాడు. చాలా ఇళ్లలో మామూలుగా జరిగేదే ఇది. తప్పు ఆ అబ్బాయిది కాదు. పక్కన నిలబడి 'ఇలా పట్టుకో, ఇటు తిప్పు' అని చెప్పినవాళ్లు లేరంతే!

నిజానికి హైదరాబాద్ తూర్పు కొసన ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో అలా చెప్పగలిగేవాళ్లకు కొరత లేదు. 1967లో ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఈ వైపే వచ్చాయి. మౌలాలీలో హెచ్ఎమ్‌టీ బేరింగ్స్ ఉండేది. దాని మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. ఈ సంస్థల చుట్టూ ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లిలో పారిశ్రామికవాడలు విస్తరించాయి. వాటిలో పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్లు చుట్టుపక్కల కాలనీల్లోనే స్థిరపడ్డారు. ఉదయం పార్కులో నడిచే తాతయ్యల్లో ఎవరో ఒకరు లేత్ మీద ముప్ఫయ్యేళ్లు గడిపినవాళ్లే అయి ఉంటారు. ఆ పక్క వీధిలోనే మిక్సీ విప్పలేని మనవడూ ఉంటాడు. ఇద్దరూ కలిసే చోటే లేదు.

ఈసీఐఎల్‌ని తీర్చిదిద్దిన డాక్టర్ ఏఎస్ రావు సొంతూరు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు. 1956లో మొదలైన మన తొలి అణు రియాక్టర్ 'అప్సర'కు నియంత్రణ వ్యవస్థను తయారుచేసింది ఆయన బృందమే. విదేశాల నుంచి కొనుక్కోవడం కన్నా మన చేతులతో మనం చేసుకోవడం మేలన్న పట్టుదల అది. ఇప్పుడు ఆయన పేరు ఓ కాలనీకి మిగిలింది. ఆ పట్టుదల పిల్లలకు అందాలంటే మాత్రం పేరొక్కటే చాలదు.

ఉస్తాద్ దగ్గర ఛోటూ

హైదరాబాద్ షెడ్లలో పని నేర్పే పద్ధతి ఒకటి ఎప్పటి నుంచో ఉంది. నేర్పేవాడు ఉస్తాద్, నేర్చుకునేవాడు ఛోటూ. పానా అందించడంతో మొదలై, యంత్రం చప్పుడు విని లోపం చెప్పేదాకా... అంతా చూసి నేర్చుకోవడమే. నేర్పడంలో దాన్ని మించింది లేదు. కానీ దానికో చీకటి కోణమూ ఉంది. బడిలో ఉండాల్సిన పిల్లాడు షెడ్డులో మగ్గిపోవడం, వేళ్లు పోగొట్టుకోవడం. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని షెడ్లలో పనికి పెట్టుకోకూడదు. పద్దెనిమిది నిండేదాకా ప్రమాదకరమైన పనులు చేయించకూడదు.

అంటే ఉస్తాద్ కావాలి, ఛోటూ బతుకు వద్దు. బడి మానకుండా, కూలి కోసం కాకుండా, వారానికో పూట పెద్దల పక్కన నిలబడి పని నేర్చుకునే చోటు కావాలి. సామాజిక వర్క్‌షాప్ అంటే అదే.

మొదటి పాఠం ఆకురాయితో...

అక్కడ ఏం నేర్పుతారు? ఫిట్టర్‌కి తొలి పాఠం ఆకురాయే. బెంచ్ వైస్‌లో ఇనుప ముక్క బిగించి చదునుగా రాయమంటారు. వినడానికి ఎంతో తేలిక. చేసి చూస్తే తెలుస్తుంది. ముందుకు తోసేటప్పుడే ఒత్తిడి పెట్టాలి, వెనక్కి లాగేటప్పుడు తేలిగ్గా రావాలి. కొత్త చేతులు ఉయ్యాలలా ఊగుతాయి. అంచులు అరిగి మధ్యభాగం ఉబ్బుతుంది. మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎదురుగా పెడితే సందులోంచి వెలుగు కనిపించి గుట్టు బయటపడుతుంది. ఇంటర్నెట్‌లో వీడియో చూసినా మోచేయి ఎక్కడ ఊగుతోందో అది చెప్పలేదు. పక్కనున్న పెద్దాయన ఒక్కసారి మోచేయి పట్టుకుని సరిచేస్తే చాలు.

తర్వాత కొలతలు. మామూలు వెర్నియర్ కాలిపర్‌తో 0.02 మిల్లీమీటర్ల దాకా కొలవచ్చు. తలవెంట్రుక మందం కన్నా తక్కువ! ఆ తేడా వల్ల షాఫ్ట్ బేరింగ్‌లోకి ఎక్కకుండా మొరాయించడం కళ్లారా చూసిన పిల్లలకు దశాంశాలంటే ఏమిటో మళ్లీ చెప్పక్కర్లేదు. వీటన్నిటికన్నా ముందు జాగ్రత్తలు. లేత్ దగ్గర గ్లౌజులు వద్దు, వేలాడే చేతుల చొక్కా వద్దు, చక్‌లో తాళంచెవి వదిలేసి స్విచ్ వేయొద్దు. దెబ్బ తగలకముందే ఈ పాఠం చెప్పడానికే అనుభవజ్ఞులు కావాలి.

ఏడేళ్ల ఒంటరి పోరు

ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్లే దారిలోనే ఆలేరు వస్తుంది. ఆ మండలంలోని శారాజీపేట చింతకింది మల్లేశం ఊరు. పోచంపల్లి చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే 'ఆసు' పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం చూశాడాయన. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చేయి ఆడించాలి. పెద్ద చదువు లేదు. 1992లో యంత్రం మొదలుపెట్టాడు. చేతిలో డబ్బు ఆగిపోయింది, పిచ్చివాడన్నారు. హైదరాబాద్ వచ్చి కూలి చేసుకుంటూనే ప్రయత్నించాడు. బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు ఓ యంత్రం కదలిక చూసి, తనను వేధిస్తున్న చిక్కుముడికి జవాబు పట్టుకున్నాడు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వరించింది.

ఏడేళ్లు! గెలిచాడు కాబట్టి ఆ కథ తెలిసింది. అడిగితే చెప్పే ఓ మెకానిక్, వాడుకోనిచ్చే ఓ లేత్ మొదట్లోనే దొరికి ఉంటే? మధ్యలో వదిలేసిన మల్లేశంలు ఎంతమందో! అలాంటివాళ్లను ఊరూరా తిరిగి వెతకడానికే బ్రిగేడియర్ పోగుల గణేశం 2005లో 'పల్లె సృజన'ను ప్రారంభించారు.

గది ఉంటే సరిపోదు

ఇప్పుడు చోట్లు పెరిగాయి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే బ్లూలైన్ చివరి స్టేషన్ రాయదుర్గం. అక్కడి నాలెడ్జ్ సిటీలో 2023 మార్చి 2న టీ-వర్క్స్ ప్రారంభమైంది. 78 వేల చదరపు అడుగుల్లో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్, సీఎన్‌సీ యంత్రాలు. మనసులోని ఆలోచనను నమూనాగా చేసి చూసుకునే చోటది. ఇటు బడుల్లో నీతి ఆయోగ్ 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకోసం దేశంలో ఇలాంటివి పదివేలు దాటాయి. మరో యాభై వేలు ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు.

యంత్రాలను డబ్బుతో కొనొచ్చు. నేర్పే మనిషినో? పుణె దగ్గర పాబల్ గ్రామంలో డాక్టర్ ఎస్ఎస్ కల్బాగ్ 1983లో 'విజ్ఞాన్ ఆశ్రమ్' పెట్టి, పని చేస్తూనే చదువు నేర్చుకునే పద్ధతి తెచ్చారు. పిల్లలు వెల్డింగ్ నుంచి వ్యవసాయం దాకా చేసి నేర్చుకున్నారు. అమెరికాలోని ఎమ్ఐటీ రూపొందించిన 'ఫ్యాబ్ ల్యాబ్' 2002లో ఆ పల్లెకు వచ్చిందంటే కారణం అప్పటికే అక్కడ నేర్పేవాళ్లూ నేర్చుకునేవాళ్లూ ఉండటమే.

ఉప్పల్, నాచారాలకు ఆ అదృష్టం సగం ఎప్పుడో దక్కింది. నేర్పగల చేతులు ఉన్నాయి. కానీ ఆ చేతులకు వయసు మీదపడుతోంది. వాటిలోని పనితనాన్ని ఏ పుస్తకంలోనూ రాసి పెట్టలేదు. కాలనీ సంఘం గదిలో ఓ బెంచ్, ఓ వైస్, నాలుగు ఆకురాళ్లు, పాడైన ఫ్యాను ఒకటి... ఆదివారం రెండు గంటలు. మొదలుపెట్టడానికి అంతకన్నా అక్కర్లేదు.

ఈసారి మిక్సీ ఆగితే ఫోన్ తీయకముందు పక్కింటి తాతయ్యను పిలవండి. ముందు ప్లగ్ తీయించి, స్క్రూడ్రైవర్ మాత్రం అబ్బాయి చేతికివ్వండి. అమ్మాయి ఉంటే మరీ మంచిది, ఆమె చేతికివ్వండి!